ప్రేమభంగం, విరహం: తెలుగు నేల మీద ఒక పరిశీలన

ప్రేమించిన మనిషిని పోగొట్టుకున్నాక మిగిలే దుఃఖం ప్రేమభంగం. దూరమైన ఆ మనిషి కోసం పడే తపన విరహం. కవులు వీటిని వేరువేరుగా చూశారు కానీ జీవితంలో రెండూ కలిసే వస్తాయి. తిరస్కారం, కులం, ఆస్తి, పెద్దల పట్టుదల, వలస, మరణం, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా మనసు మారడం: దారి ఏదైనా బాధ ఒకచోటికే చేరుతుంది. నిద్ర పోతుంది, అన్నం సహించదు, ఫోను మోగినప్పుడల్లా గుండె ఆగినట్టవుతుంది. ఈ అనుభవాన్ని తెలుగువారు వెయ్యేళ్లకు పైగా పాడుకున్నారు, ఆడి చూపించారు, సినిమాలుగా తీసుకున్నారు. ఆ సంపదనంతా తిరగేస్తే ఒక ప్రశ్న పదేపదే ఎదురవుతుంది: బాధపడేవారి మాట వినడానికి పక్కన ఎవరైనా ఉన్నారా? ఉన్నచోట కథ ఒకలా నడిచింది, లేనిచోట మరోలా ముగిసింది.

దొంతన్‌పల్లి, చుట్టుపక్కల

రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలో, హైదరాబాద్ నుంచి శంకర్‌పల్లి వెళ్లే దారిలో ఉన్న ఊరు దొంతన్‌పల్లి. ఇక్ఫాయ్ డీమ్డ్ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో ఉండి చదువుకుంటారు. మొయినాబాద్, గండిపేట వైపు ఇంజినీరింగ్ కాలేజీలు వరసగా కనిపిస్తాయి. ఇరవై ఏళ్ల వయసులో, ఇంటికి దూరంగా, మొదటిసారి ఒకరిని ఇష్టపడి మొదటిసారి ఆ మనిషిని పోగొట్టుకునే చోట్లు ఇవి. పుట్టి పెరిగిన ఊళ్లో ఇంటికి వెళ్తే అమ్మ ముఖం చూసే కనిపెడుతుంది. హాస్టల్లో ఆ పని రూమ్మేట్ చేయాలి.

చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి మండలాలు హైదరాబాద్‌కు పూలు పండించి పంపే నేల. గులాబీ, చామంతి, బంతి పొలాల్లో పూస్తాయి, పాలీహౌసుల్లో జర్బెరా పెంచుతారు. తెల్లారేసరికి ఆ పూలు గుడిమల్కాపూర్ మార్కెట్లో ఉంటాయి. పెళ్లి మండపానికి వెళ్లేవీ, ప్రేమికుల రోజున చేతులు మారేవీ ఈ తోటల పూలే. మొయినాబాద్ పక్కనున్న చిలుకూరు బాలాజీ గుడికి కోరిక చెప్పుకోవడానికి వచ్చేవారు 11 ప్రదక్షిణలు, తీరాక మళ్లీ వచ్చి 108 ప్రదక్షిణలు చేస్తారు. వీసా దేవుడని పేరుపడ్డా, ఉద్యోగం కోసం, పెళ్లి కోసం మొక్కుకునేవారు తక్కువేం కాదు. వీసా వచ్చినవారి వెనక ఇక్కడే ఉండిపోయినవారూ ఉంటారు. వలసకూ విరహానికీ తెలుగునాట పాత చుట్టరికం.

ఆ చుట్టరికానికి ఆధారం దాదాపు రెండు వేల ఏళ్ల నాటిది. శాతవాహన రాజు హాలుడి పేరు మీద వచ్చిన ప్రాకృత సంకలనం గాథాసప్తశతిలో దూరదేశం వెళ్లిన మగడి కోసం ఎదురుచూసే పల్లెటూరి ఆడవాళ్ల గాథలు చాలా ఉన్నాయి. వానాకాలం మొదలయ్యేలోపు బాటసారి ఇల్లు చేరాలి. మబ్బు కమ్మినా మనిషి రాలేదంటే ఆ ఇంట్లో గుబులు. గల్ఫ్‌కు వెళ్లిన భర్తల కోసం ఉత్తర తెలంగాణ ఇళ్లలో జరిగిన ఎదురుచూపుల్లోనూ ఆ గుబులే ఉంది, ఉత్తరం స్థానంలో వీడియో కాల్ వచ్చింది అంతే.

దొంతన్‌పల్లి నుంచి నగరం వైపు వస్తే గోల్కొండ. గోల్కొండ నుంచి గండిపేట వెళ్లే దారిలో, ఇబ్రహీంబాగ్‌లో చిన్న గుట్ట మీద పన్నెండు ద్వారాల తారామతి బారాదరి ఉంది. ఆస్థాన కళాకారిణి తారామతి ఇక్కడ పాడితే కోటలో ఉన్న సుల్తాన్‌కు వినిపించేదని జనం చెప్పుకుంటారు. తారామతి, ఆమె సాటి కళాకారిణి ప్రేమామతి పేర్లు అబ్దుల్లా కుతుబ్‌షా (పాలన 1626–1672) ఆస్థానంతో ముడిపడ్డాయి. వారి సమాధులు కుతుబ్‌షాహీ రాజుల సమాధుల ఆవరణలోనే ఉన్నాయి. ఇంకో ప్రసిద్ధ కథ భాగమతిది. ఆమెను కలుసుకోవడానికి రాకుమారుడు మహమ్మద్ కులీ వరదలో మూసీని దాటాడనీ, అది చూసి తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో పురానాపూల్ కట్టించాడనీ అంటారు. వంతెన నిజం, ఏడాది నిజం. భాగమతి ఉందా లేదా అన్న దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. విడిపోయిన ప్రేమికుల మధ్య వంతెన కట్టిన తండ్రి కథను జనం నాలుగు వందల ఏళ్లు దాచుకున్నారంటే, అలాంటి తండ్రి కావాలని ఎంతమంది కోరుకుని ఉంటారో ఊహించవచ్చు.

పది దశలు

విరహాన్ని మన అలంకార శాస్త్రం వైద్యుడు రోగాన్ని చూసినంత శ్రద్ధగా చూసింది. శృంగారాన్ని సంభోగం, విప్రలంభం అని రెండుగా విడదీసి, రెండోదానికే ఎక్కువ చోటిచ్చింది. కలవకముందు పుట్టే కోరిక పూర్వరాగం, అలక వల్ల వచ్చే ఎడబాటు మానం, ప్రయాణం వల్ల వచ్చేది ప్రవాసం, మృత్యువు తెచ్చేది కరుణ విప్రలంభం. విరహి పడే అవస్థలు పది. చూపు నిలవడం, మనసు తగులుకోవడం, ఊహలు అల్లుకోవడం, నిద్ర పోవడం, చిక్కిపోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం, సిగ్గు విడవడం, ఉన్మాదం, మూర్ఛ, చివరికి మరణం. వాత్స్యాయనుడి కామసూత్రాల్లోనే ఈ వరస ఉంది. మన ప్రబంధ కవులంతా దీన్ని పాఠంగా నేర్చుకున్నారు.

పదో అవస్థ దగ్గర శాస్త్రం ఒక కట్టడి పెట్టింది. మరణాన్ని నేరుగా వర్ణించకూడదు, వర్ణిస్తే రసం తెగిపోతుంది అన్నాడు సాహిత్యదర్పణ కర్త విశ్వనాథుడు. మరణం దాకా వెళ్లినట్టు చెప్పవచ్చు, చావాలనుకున్నట్టు చెప్పవచ్చు. ఇది కవిత్వ నియమమే కానీ అందులో గొప్ప మానవత్వం ఉందని నా నమ్మకం. విరహం ఎంత తీవ్రమైనదైనా కథ అక్కడ ఆగకూడదన్న పట్టుదల అది. ఇరవయ్యో శతాబ్దపు సినిమా ఆ కట్టడిని తెంచేసింది.

అల్లసాని పెద్దన మనుచరిత్రలో వరూధిని కథ చూడండి. హిమాలయాల మీద దారి తప్పిన ప్రవరుణ్ణి ఇష్టపడింది. అతను కాదని, అగ్నిదేవుణ్ణి ప్రార్థించి ఇంటికి వెళ్లిపోయాడు. ఆమె విలపించింది, చెలికత్తెలు వచ్చి ఓదార్చారు, తోటలోకి తీసుకెళ్లారు. అంతకుముందు ఆమె చేత కాదనిపించుకున్న గంధర్వుడొకడు ప్రవరుడి రూపంలో వచ్చి ఆమెను పొందాడు. ఇది మోసం, దీన్ని మోసమనే చెప్పాలి. ఆ కలయిక వల్ల స్వరోచి, అతనికి స్వారోచిష మనువు పుడతారు. కాదనిపించుకున్న ఇద్దరి బాధల్లోంచి ఒక మన్వంతరానికి అధిపతి వంశం మొదలవుతుంది.

చెలికత్తె

తెలుగు విరహ సాహిత్యంలో నాయిక ఒంటరిగా మాట్లాడటం అరుదు. పక్కన చెలి ఉంటుంది, చిలుక ఉంటుంది, హంస ఉంటుంది. పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నంలో శుచిముఖి అనే హంస రెండువైపులా మాటలు మోస్తుంది. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య పదాల్లో అయితే చెలి లేకపోతే పదమే లేదు. కృష్ణా జిల్లా మొవ్వ గ్రామపు వేణుగోపాలుడి పేరును ముద్రగా పెట్టుకున్న ఈ కవి తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువులోనూ, మధురలోనూ, గోల్కొండలోనూ పదాలు చెప్పాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన పదాల్లో మాట్లాడేది ఎక్కువగా ఆడమనిషి. రాత్రంతా ఎదురుచూసిన స్త్రీ, వేరొకరి ఇంటి నుంచి తెల్లవారి వచ్చిన వాణ్ణి నిలదీసే స్త్రీ, తగవాడి పంపేసి తర్వాత నాలుక కరుచుకునే స్త్రీ. శాస్త్రం వీళ్లను విరహోత్కంఠిత, ఖండిత, కలహాంతరిత అంది. క్షేత్రయ్య వాళ్లకు ఇంటి ఆడవాళ్ల మాట ఇచ్చాడు.

ఈ పదాలను చౌక కాలంలో, అంటే బాగా నిదానంగా పాడతారు. ఒక్కో మాట మీద గాయని నిలుస్తుంది, అదే పంక్తిని నర్తకి ఐదారు రకాలుగా అభినయిస్తుంది: ఒకసారి కోపంగా, ఒకసారి నవ్వుతూ, ఒకసారి తనకు తానే చెప్పుకుంటున్నట్టు. బాధను తొందరపెట్టని కళ ఇది. దాన్ని కాపాడింది దేవదాసీ కుటుంబాలు, వీణ ధనమ్మాళ్ ఇంటివారి వంటి సంగీత కుటుంబాలు. ఆ కుటుంబంలో పుట్టిన బాలసరస్వతి పదాభినయానికి ప్రపంచమంతా పేరు పొందింది. మనం మర్యాద పేరుతో ఆ స్త్రీలను దూరం పెట్టినా, మన విరహానికి భాష మిగిల్చింది వాళ్లే.

కూచిపూడి భామాకలాపంలో ఈ బంధం ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. సిద్ధేంద్ర యోగి కృతిగా ప్రసిద్ధమైన ఈ కలాపంలో సత్యభామ కృష్ణుడితో తగవుపడి, అతను వెళ్లిపోయాక తల్లడిల్లుతుంది. చెలికత్తె మాధవిని పిలిచి భర్తను తీసుకురమ్మంటుంది. ఎవరిని తేవాలో చెప్పమంటే మొగుడి పేరు నోటితో పలకలేక సిగ్గుపడుతుంది. మాధవి ఊరుకోదు, ఆటపట్టిస్తుంది. పేరు చెప్పించేదాకా వదలదు. పని చేసిపెట్టినందుకు ముక్కెర ఇవ్వమంటుంది. ఆడదానికి ముక్కెర ఇవ్వడమంటే మాటలా! సత్యభామ గింజుకుని గింజుకుని చివరికి తీసి ఇస్తుంది, కృష్ణుడికి ఉత్తరం రాస్తుంది. గర్వం, సిగ్గు, నగ, ఒక్కొక్కటీ ఆమె నుంచి జారిపోయే తీరు చూసేవాళ్ల కళ్లెదుటే జరుగుతుంది. దుఃఖంలో ఉన్న మనిషిని నవ్వించగలిగే హక్కు ఒక్క దగ్గరి స్నేహితురాలికే ఉంటుందన్న సంగతి ఈ రూపకం రాసినవారికి బాగా తెలుసు. సత్యభామ వేషానికి వేదాంతం సత్యనారాయణ శర్మ (1935–2012) పెట్టింది పేరు.

ముద్దుపళని రాధికాసాంత్వనం అన్నిటికంటే సాహసమైనది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న ఈ కవయిత్రి ఎంచుకున్న కథ ఇది. ఇళ అనే అమ్మాయిని చిన్నప్పటి నుంచి పెంచిన రాధే ఆమెను కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. శోభనానికి తానే సిద్ధం చేస్తుంది. ఆపైన తట్టుకోలేక కుమిలిపోతుంది. కృష్ణుడి దగ్గరికి చిలుకను పంపుతుంది. తన చేత్తో అప్పగించిన ప్రేమ కోసం పడే ఏడుపు ఇది, దీనికి ఎవరిని నిందించాలి? చివరికి కృష్ణుడు వచ్చి ఆమెను బతిమాలుకుంటాడు. పెద్ద వయసు స్త్రీ కోరికనూ, అసూయనూ, అలకనూ ఒక స్త్రీయే ఇంత నిర్మొహమాటంగా రాయడం తర్వాతి కాలం పండితులకు మింగుడుపడలేదు. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి ప్రతిని అచ్చు వేయిస్తే ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం 1947లో ఆ నిషేధం తొలగించారు. ముప్పై ఏళ్లకు పైగా రాధ దుఃఖం నేరంగా ఉండిపోయింది.

కోఠీ రెసిడెన్సీ: ఖైరున్నీసా

కావ్యాల్లో కాక నిజ జీవితంలో, పేరుతో తేదీలతో మనకు తెలిసిన ప్రేమభంగాల్లో హైదరాబాద్‌కు చెందిన ఖైరున్నీసాది అత్యంత విషాదమైనది. నిజాం కొలువులో పెద్ద కుటుంబపు పిల్ల. వేరే సంబంధం కుదిరి ఉండగానే బ్రిటిష్ రెసిడెంట్ జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్‌ను ఇష్టపడింది. అతను ఇస్లాం స్వీకరించి ఆమెను పెళ్లాడాడు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణలు వేయించాడు. అయినా ఇద్దరూ నిలబడ్డారు. 1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టారు. కోఠీలో కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనం ఇప్పుడు చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. పర్దాలో ఉండే భార్య భవనం ముందుభాగాన్ని చూసుకోవడానికి తోటలో దాని చిన్న నమూనా కట్టించాడని ప్రతీతి.

1805లో చదువు కోసం పిల్లలిద్దరినీ ఇంగ్లండ్ ఓడ ఎక్కించారు. మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే చిత్రకారుడు వాళ్ల బొమ్మ గీశాడు: హైదరాబాదీ దుస్తుల్లో మెట్ల మీద నిలబడ్డ ఇద్దరు పసివాళ్లు. ఆ బొమ్మ తల్లికి చేరింది. పిల్లలను సాగనంపిన తండ్రి కలకత్తా వెళ్లి 1805 అక్టోబరు 15న అక్కడే చనిపోయాడు. కొద్ది వారాల తేడాలో ఆమె భర్తనూ బిడ్డలనూ పోగొట్టుకుంది. అప్పటికి ఆమె వయసు 19 ఏళ్ల ప్రాంతం.

భర్త సమాధి చూడటానికి కలకత్తా వెళ్లింది. అక్కడ ఆమె బాధ విన్న మనిషి హెన్రీ రస్సెల్, కిర్క్‌ప్యాట్రిక్ కింద పనిచేసినవాడు. వినడం సాన్నిహిత్యమైంది. ఆ సంగతి హైదరాబాద్‌కు పాకి, ఆమెను తిరిగి ఊళ్లోకి రానివ్వలేదు. మచిలీపట్నంలో సముద్రపు ఒడ్డున ఉండిపోయింది. రస్సెల్ మద్రాసులో వేరొకరిని పెళ్లాడాడు. చాలాకాలానికి హైదరాబాద్ చేరి, 1813లో, 27 ఏళ్ల వయసులో కన్నుమూసింది. పిల్లలను మళ్లీ చూడలేదు.

కూతురు కిట్టీ ఇంగ్లండ్‌లో పెరిగి పెద్దదైంది. ఎన్నో ఏళ్ల తర్వాత రస్సెల్ ఇంట్లో చిన్నరీ గీసిన ఆ బొమ్మ చూసి, అందులో తనను గుర్తుపట్టి ఏడ్చింది. హైదరాబాద్‌లో అమ్మమ్మ షరఫున్నీసా బతికే ఉందని తెలిసి 1841లో ఉత్తరాలు నడిచాయి. ఒకరి భాష ఒకరికి రాదు, మధ్యలో అనువాదకులు. ఇద్దరూ మాట్లాడుకున్నది పోయిన మనిషి గురించే. విలియం డాల్రింపుల్ 2002లో ప్రచురించిన ‘వైట్ మొఘల్స్’ ఈ కథను లోకానికి వివరంగా చెప్పింది. ఖైరున్నీసా కథలో చెలికత్తె స్థానంలో కూర్చున్నవాడే ఆమెను రెండోసారి దుఃఖంలోకి నెట్టాడు. దుఃఖంలో ఉన్న మనిషి దగ్గరికి వినడానికి వచ్చే ప్రతివారూ చెలికత్తె కారని దీని నుంచి తెలుసుకోవాలి.

భావకవులు

1920 దశకంలో తెలుగు భావకవిత్వం మగవాడి విరహాన్ని అతని సొంత గొంతుతో చెప్పింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి కృష్ణపక్షం 1925లో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు ఆయన భార్య చనిపోయింది. ఆ తర్వాత ఆయన రాతలో విషాదం చిక్కబడింది. నండూరి సుబ్బారావు ఎంకిపాటల్లో నాయుడుబావ ఎంకి కోసం పడే ఆరాటం పల్లె మాటల్లో వచ్చింది. నాయని సుబ్బారావు సౌభద్రుని ప్రణయయాత్ర రాశారు. విశ్వనాథ సత్యనారాయణ చనిపోయిన భార్య పేరున వరలక్ష్మీ త్రిశతి రాశారు. ఆయన నవల ఏకవీరలో ఇద్దరు మిత్రులకు ఒకరు ప్రేమించిన అమ్మాయితో మరొకరికి పెళ్లవుతుంది. చెడ్డవాళ్లెవరూ లేరు, నలుగురి జీవితాలూ చెడతాయి. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో మనసు ఎవరికి ఇచ్చామో అడగని ఆచారం మీద ఇంతకంటే పదునైన విమర్శ అరుదు. భావకవుల తర్వాతి తరం ఈ కన్నీళ్లను వెక్కిరించింది. శ్రీశ్రీ ఆకలి గురించి మాట్లాడాలన్నాడు. ఆయన మాట న్యాయమే, అయితే ఆకలిగొన్నవాడికీ గుండె పగులుతుంది.

వెండితెర

శరత్‌చంద్ర ఛటోపాధ్యాయ బెంగాలీ నవల దేవదాసు 1917లో అచ్చయింది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో 1953లో వచ్చిన తెలుగు సినిమా ఆ కథను మన ఇంటి కథ చేసింది. అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, లలిత ముఖ్య పాత్రధారులు. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ సినిమా విడుదలకు ఏడాది ముందే చిన్న వయసులో పోయారు. ఘంటసాల గొంతులో ఆ పాటలు ఇప్పటికీ రాత్రిపూట రేడియోలో వినిపిస్తే పనిలో ఉన్న చేయి ఆగుతుంది. నటన, సంగీతం అంత గొప్పవి కాబట్టే దాని ప్రభావం గురించి నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. ఆ తర్వాత మన సినిమాలో ప్రేమభంగమంటే మగవాడు, మందు సీసా, పెరిగిన గడ్డం. బాధను చెప్పుకోవడానికి చెలి లేదు. చెప్పుకునే మనిషి స్థానంలో సీసా వచ్చింది. దేవదాసును ప్రేమించే నర్తకి చంద్రముఖి వింటుంది కానీ అతను ఆమెను మనిషిగా చూడటానికే సగం సినిమా పడుతుంది. అతను పోగొట్టుకున్న పార్వతి దుఃఖమూ చిన్నది కాదు: ఇష్టంలేని పెళ్లి చేసుకుని, పెద్ద వయసు భర్త ఇంట్లో సవతి పిల్లలకు తల్లిగా నిలబడి బతికింది. కానీ జనం ప్రేమలో ఓడినవారిని దేవదాసు అన్నారే తప్ప ఆమె పేరుతో ఎవరినీ పిలవలేదు.

కె. బాలచందర్ మరోచరిత్ర (1978)లో తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి ఏడాది ఎడబాటు పరీక్ష గెలిచాక చనిపోతారు. దాసరి ప్రేమాభిషేకం (1981)లో నాయకుడు చనిపోతాడు. పదో అవస్థను వర్ణించవద్దన్న పాత నియమాన్ని పక్కన పెట్టి, మరణాన్నే ప్రేమకు రుజువుగా చూపించిన సినిమాలు మనకు లెక్కలేనన్ని. ఈ కాలంలో తెలంగాణ యాసలో యూట్యూబ్‌లో వచ్చే ‘లవ్ ఫెయిల్యూర్’ జానపదాలది వేరే దారి. అమ్మాయికి ఉద్యోగస్తుడితో సంబంధం కుదరడం, ఉన్న ఊళ్లో డబ్బులేని అబ్బాయి మిగిలిపోవడం వీటి మామూలు కథ. ఆటోల్లో, డీజేల్లో ఇవి మోగుతుంటే చదువుకున్నవాళ్లు కొందరు ముఖం చిట్లిస్తారు. నా దృష్టిలో వీటికి గౌరవం ఇవ్వాలి. ఉద్యోగం లేకపోవడం ప్రేమను ఎలా తెంచుతుందో ఇంత నేరుగా చెప్పే సాహిత్యం ఇప్పుడు వేరే ఏదీ లేదు. అయితే అమ్మాయిని డబ్బుకు అమ్ముడుపోయినదానిగా చూపే పాటలూ వీటిలో ఉన్నాయి, అవి అన్యాయం. ఆ అమ్మాయిని అడిగి సంబంధం కుదిర్చారా అని ఆ పాట అడగదు.

ఒంట్లో జరిగేది

గుండె పగలడం వట్టి మాట కాదు. 1990లో జపాన్ వైద్యులు వివరించిన టాకోత్సుబో అనే జబ్బులో, తీవ్రమైన మానసిక ఆఘాతం వల్ల ఒక్కసారిగా పెరిగిన ఒత్తిడి హార్మోన్లు గుండె ఎడమ జఠరికను తాత్కాలికంగా బలహీనపరుస్తాయి. స్కానింగ్‌లో అది అక్కడి జాలర్లు ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలో కనిపిస్తుంది, పేరు దాన్నిబట్టే వచ్చింది. నెలసరి ఆగిన వయసు స్త్రీలలో ఎక్కువ. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. కానీ లక్షణాలు గుండెపోటులాగే ఉంటాయి కాబట్టి ఛాతీ నొప్పి వస్తే బాధ వల్లేలే అని ఇంట్లో కూర్చోకూడదు, ఆస్పత్రికి వెళ్లాలి.

మెదడులోనూ మార్పు కనబడింది. 2010లో హెలెన్ ఫిషర్, సహచరులు ఈమధ్యే తిరస్కారానికి గురై ఇంకా ప్రేమిస్తూనే ఉన్న 15 మందికి ప్రియమైనవారి ఫొటో చూపిస్తూ స్కాన్ చేశారు. మత్తుపదార్థాల కోసం తహతహలాడేటప్పుడు పనిచేసే భాగాలే వాళ్లలోనూ చురుగ్గా కనిపించాయి. 2011లో ఈథన్ క్రాస్ బృందం 40 మందిని పరీక్షించి, తిరస్కారపు జ్ఞాపకానికీ చేతి మీద వేడి తగిలినప్పటి నొప్పికీ మెదడులో కొన్ని భాగాలు ఉమ్మడిగా స్పందిస్తాయని చెప్పింది. ఇవి చిన్న అధ్యయనాలు, వీటితో అంతా తేలిపోలేదు. కానీ ‘అంతా నీ మనసులోనే ఉంది, మర్చిపో’ అనే మాట ఎంత పనికిరానిదో తెలియడానికి ఇవి చాలు. అర్ధరాత్రి లేచి ఆమె వాట్సాప్‌లో ఎప్పుడు ఉందో చూసుకునే అబ్బాయిని బలహీనుడు అనకూడదు. అతని మెదడు అలవాటుపడ్డ దానికోసం వెతుక్కుంటోంది. చూసిన ప్రతిసారీ ఆ వెతుకులాట కొత్తగా మొదలవుతుంది కాబట్టి కొన్నాళ్లు నంబరు, ఫొటోలు కంటికి కనపడకుండా పెట్టడమే మేలు.

బాధను కాగితం మీద రాస్తే తేలికపడతారని 1980ల నుంచి జేమ్స్ పెన్నెబేకర్ పరిశోధనలు చెబుతూ వచ్చాయి. కానీ భార్యాభర్తలు విడిపోయిన సందర్భాల్లో, జరిగినదాన్నే తవ్వుకునే స్వభావం ఉన్నవారికి ఆ రాత మేలు చేయకపోగా కోలుకోవడం ఆలస్యం చేసిందని 2013లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. తనలో తాను తిప్పుకోవడం వేరు, ఎదుటి మనిషికి చెప్పుకోవడం వేరు. మధ్యలో అడ్డుతగిలి ‘ముందు పేరు చెప్పు’ అనే మాధవి కాగితంలో ఉండదు.

తెగిన ప్రేమ ఎప్పుడు నేరమవుతుంది, ఎప్పుడు నేరానికి బలవుతుంది

కాదన్న మనిషి వెంటపడటం విరహం కాదు. ఇష్టంలేదని చెప్పాక కూడా వెంబడించడం, ఫోన్లు చేయడం, ఆన్‌లైన్‌లో నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. హైదరాబాద్‌లో 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్ ఇలాంటి ఫిర్యాదులు తీసుకుంటాయి. పట్టువదలని ప్రేమికుడిని నాయకుడిగా చూపిన సినిమాలు ఈ విషయంలో చేసిన చెరుపు ఇంతా అంతా కాదు.

రెండోవైపు, ఇద్దరూ ఇష్టపడ్డా కులం ఒప్పుకోని ఇళ్లున్నాయి. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి, గర్భవతైన భార్య కళ్లెదుట, ఆస్పత్రి బయట చంపించారు. చంపించినది ఆమె తండ్రి అని పోలీసులు తేల్చారు. తీర్పు రాకముందే అతను చనిపోయాడు. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. కావ్యాల్లో కరుణ విప్రలంభానికి దైవం కారణం. ఇక్కడ కారణం మనుషులు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో ప్రేమ వ్యవహారాలు కారణంగా నమోదైనవి 4.5 శాతం. కుటుంబ సమస్యలు, అనారోగ్యం దీనికంటే చాలా పెద్ద కారణాలు. ఏ ఒక్క చావుకూ ఒకే కారణం ఉండదు, పోలీసు కాగితంలో మాత్రం ఒకటే గడి ఉంటుంది. అయినా 4.5 శాతమంటే ఏడు వేలకు పైగా మనుషులు.

పరామర్శ

ఇంట్లో మనిషి పోతే మన ఊళ్లలో చుట్టాలు వస్తారు, పక్కింటివాళ్లు అన్నం వండి తెస్తారు, దశదినకర్మ దాకా ఇల్లు మనుషులతో నిండి ఉంటుంది. ఏడవడానికి చోటు, రోజుల లెక్క, సాక్షులు ఉంటారు. ప్రేమ పోయినవారికి వీటిలో ఒక్కటీ లేదు. అందరికీ చెప్పే వీలులేదు, సెలవు అడగడానికి కారణం లేదు, ఆ మనిషి పెళ్లి కార్డు ఇంటికే వస్తే నవ్వుతూ తీసుకోవాలి. సమాజం లెక్కలోకి తీసుకోని ఇలాంటి దుఃఖాన్ని 1989లో కెన్నెత్ డోకా ప్రత్యేకంగా గుర్తించి వివరించాడు. వైద్య వర్గీకరణలు కూడా దీర్ఘకాలిక శోకాన్ని మరణానికి సంబంధించే చెబుతాయి. విడిపోవడం వల్ల కుంగినవారిని డాక్టర్లు సర్దుబాటు సమస్య అనో, డిప్రెషన్ అనో చూస్తారు. చికిత్స ఉంది, పనిచేస్తుంది. రెండు వారాలకు మించి నిద్ర, తిండి, చదువు దెబ్బతింటే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలిమానస్ సేవ నంబరు 14416. డబ్బు కట్టనక్కర్లేదు, పగలైనా రాత్రయినా తెలుగులో మాట్లాడవచ్చు. దొంతన్‌పల్లి హాస్టల్లోనో, చేవెళ్ల పక్క పల్లెలోనో, మరే ఊళ్లోనో మీ పక్కన ఒకరు కొన్నాళ్లుగా అన్నం ముందు కూర్చుని లేచిపోతుంటే, ఏమైందని అడగండి. సలహా ఇవ్వకండి, వాళ్ల ప్రేమను తూచకండి, కూర్చుని పూర్తిగా వినండి. మీ వల్ల కాదనిపిస్తే ఆ నంబరు మీరే నొక్కి ఫోను వాళ్ల చేతికివ్వండి.